బెత్తెడు ఎత్తు

నీళ్ల గొట్టాలే చవకన్నాడు స్టీవర్ట్,
కవరు వెనకాల లెక్క వేసి మరీ చూపించాడు.
నిజమే. కానీ వాటికి నేల బెత్తెడు లేవాలి,
పాత వంటింటికీ కొత్త గదికీ మధ్య
ఒక మెట్టు పుడుతుంది.
బ్రాకెన్‌కి పదమూడేళ్లు. వెనక కాళ్లు మాట వినవు.

కరెంటు తీగే వేయించాం.

కిర్క్‌వాల్ నుంచి రెండాల్ వచ్చి
మోకాళ్ల మీద పాకుతూ పరిచాడు
నారింజ రంగు తీగ,
విప్పేసిన స్వెటర్ ఊలులా ఇంకా వంకర పోనిది.
పలకలు అతికించే ముందు మీటరు పెట్టి
గోడ మీద పెన్సిలుతో రాశాడు: ఎనభై ఆరు ఓములు.
"ఈ అంకె మారిందా, ఇక తవ్వుకోవడమే."
దాని మీద రంగు పడనివ్వలేదు నేను.

నవంబరు. సముద్రపు గాలి కిటికీని భుజంతో తోస్తోంది.
బ్రాకెన్ లేని మెట్టు దాటి వచ్చింది,
గదంతా వాసన చూసింది,
చూసి చూసి
సరిగ్గా సెన్సర్ పాతిన పలక మీదే ఒరిగింది.

దాని పొట్ట వేడిని తన వేడే అనుకుని
నేల చల్లగా ఆగిపోయింది.

రెండేసి జతల మేజోళ్లతో
మేం టీ తాగుతున్నాం.
"నువ్వు లేపు," అంటాడు.
"నువ్వే లేపు," అంటాను.