సాబేర్ చాచా చదివిన ఉత్తరం

దేవరకొండ బస్టాండు ఎనుక, గడియారాల దుకాణం.
కంటికి బిగించుకున్న అద్దం తీసి
సాబేర్ చాచా నా ఫోను చేతిలకు తీసుకున్నడు.
"ఉర్దూ గాదు బిడ్డా ఇది.
అక్షరాలు మనయే, మాటలే ఎవలయో."

నాకు తెలుసు చాచా.
కజాన్‌ల నాతోని డాక్టరు చదివిన గుల్‌నాజ్,
వాళ్ళ ముత్తవ్వ రాసిన ఉత్తరమిది.
రాసినప్పుడు వాళ్ళ భాష ఈ అంగీల ఉండె.
తర్వాత పన్నెండేండ్లల్ల రెండుసార్లు అంగీ మార్పిచ్చిండ్రు.
ముందుగాల లాటిన్, మళ్ళ రష్యావోళ్ళది.
ఉత్తరం పెట్టెలనే ఉన్నది.
ఇంట్ల పుట్టినోళ్ళే దానికి చదువురానోళ్ళయిండ్రు.

"ఎవలు వీళ్ళు?"

తతార్లు.
మా అమ్మ సుత ఫోన్ల గిట్లనే అడిగింది,
"తాతలా? ఎవల తాతలు?"

చాయల పాలు పోసుకుంట గుల్‌నాజ్ చెప్పేది:
ఆ పేరు ఎక్కడ్నో గడ్డినేలల్ల తిరిగిన ఇంకో గుంపుదట.
ఆ గుంపును చంపినోళ్ళ మీదికి,
చంపినోళ్ళ ఎంట నడిచినోళ్ళ మీదికి,
ఆఖరికి ఓల్గా ఒడ్డున దున్నుకునెటోళ్ళ మీదికి
దుమ్ము లెక్క కొట్టుకొచ్చిందట.
పడమటోళ్ళు నడుమ ఒక రకారం గుచ్చి
నరకంల పుట్టినోళ్ళను చేసిండ్రట.
"మా ముత్తవ్వ తండ్రి బుల్గారునంటుండె,
లేకుంటె ముసల్మాన్నంటుండె.
ఆ పేరు పెట్టి పిలిస్తె తిట్టిండ్రనుకునెటోడు.
నేనైతె తతార్నే. అరిగరిగి తిట్టే పేరైంది."

నేను సప్పుడు జెయ్యలే.
మమ్మల్ని లంబాడోళ్ళంటరు, సర్టిఫికెట్ల గూడ అదే.
మాల మేము గోర్.
మా మాటకు సొంత అంగీయే లేదు,
తెలుగుది అడిగి తొడుక్కుంటం.
డిండి హాస్టల్ల, ఆరో తరగతిల,
అమ్మను 'యాడి' అని రాస్తె
సారు ఎర్రసిరాతోని 'యాది' అని దిద్దిండు.
ఆ కాయితం పారెయ్యబుద్ధి గాలే.

చాచా గొంతు సవరించుకున్నడు. రికార్డు నొక్కిన.
గడియారం లోపలి మరలు ఒక్కొక్కటి
విప్పి బల్ల మీద పెడుతున్నట్టు చదివిండు.
నడుమ నడుమ ముఖం ఎలుగుతున్నది,
"సలాం, ఇది మనదే. వఖ్త్ మనదే. దునియా!
ఇక్కడికెల్లి అక్కడికి పోయిందా,
అక్కడికెల్లి మన కాడికొచ్చిందా?"
మీ ఉర్దూ అన్న పేరు గూడ
వాళ్ళ చుట్టాల మాటే చాచా,
దండు దిగిన జాగ అని అర్థమట.
"అట్లనా?" అని మళ్ళ ఉత్తరంలకు వంగిండు.
ఒక కాడ ఆగిండు.
తూ... తూజ్... తోజ్.
"ఏమో బిడ్డా. కాయితం గూడ అరిగింది."

చదివినాయనకు అర్థం గాలే.
అర్థమయ్యే పిల్లకు చదవరాదు.
రాతే లేని నోటిదాన్ని, నేను
ఆ సప్పుడును పంపిన.

రాత్రి డ్యూటీ. తేలు కుట్టిన పిలగానికి సూదిచ్చి
చేతులు కడుక్కుంటుంటె ఫోను మోగింది.
"మూడుసార్లు ఇన్న, ఏం తెల్వలే.
నాలుగోసారి ఆయన గొంతుల మా ముత్తవ్వ మాట్లాడింది."
ఏమన్నది?
"ఏం లేదు. మేక ఈనిందట. కప్పు కారుతున్నదట.
తోజ్ ఒడిసింది, వచ్చేటప్పుడు పట్టుకరమ్మన్నది."
తోజ్ అంటె?
"ఉప్పు."

మా తండల ముసలోళ్ళంటరు,
సముద్రం కాడికెల్లి ఎడ్ల మీద ఉప్పు మోసినమని,
ఊర్లోళ్ళు పెట్టిన మా పేరు ఆ ఉప్పులకెల్లే పుట్టిందని.
నిజమో కాదో. అడగనీకె నాకు ఉత్తరం గూడ లేదు.

తెల్లారి దుకాణానికి పోయి చెప్పిన.
చాచా ఒక గడియారం మూత బిగిస్తున్నడు.
"ఆ మాట మళ్ళొకపారి అను."
తోజ్.
"తెచ్చిండా మరి, ఉప్పు?"
ఆ సంగతి
ఉత్తరంల లేదు చాచా.