ఇత్తడి మూతి

నకురు బస్టాండు వెనక, నా వాషింగ్ గోడకి కొట్టిన మేకు మీద
చచ్చిన నాజిళ్ళు ఏడు వేలాడుతుంటాయి.
పారేయబుద్ధి కాదు.
డబ్బు పోసి కొన్న తప్పులు కదా,
కళ్ళెదురుగా ఉండనీ.

ఆ నీలం ప్లాస్టిక్‌ది నూట ఇరవై షిల్లింగులు.
పెద్ద వానలు దిగకముందే గొంతు పగిలింది.
పసుపుపచ్చది తుపాకీ ఆకారం,
తల తిప్పితే ఏడు రకాల జల్లు:
తుంపర, షవరు, పువ్వు, ఇంకా ఏవేవో.
మటాటూ కడుపు కింద ఎండి బిగిసిన ఎర్రమట్టికి
పువ్వుతో ఏం పని?
ఏడింటిలో ఒక్కటే వాడాను.
అదే ముందు చెడింది.

వెండిలా మెరిసేది చూసి ఒకసారి మోసపోయాను.
మెరుపంతా పైపూతే;
లోపలి మర తుప్పు పట్టి పైపుని కరుచుకుంది,
విడిపించడానికి జానెడు పైపు కోసుకున్నాను.

నాజిల్ లేని రోజుల్లో బరాసా బొటనవేలే నాజిల్.
సాయంత్రానికి ఆ వేలు నానిన చిక్కుడు గింజ.
ముందు చక్రం దగ్గర్నుంచి వెనక చక్రానికి
వాడు నడిచే నాలుగడుగుల్లో,
టైరు మీద సబ్బు రుద్దే కాసేపట్లో,
పైపు తన మానాన తాను వాగుతూనే ఉంటుంది.
లెక్కేశాను: రోజుకి మూడు డబ్బాల నీళ్ళు.
డబ్బా ఇరవై.
పది రోజులకి ఆరువందలు
కాలవలోకి, కాలవలోంచి ఎవరి బంగాళాదుంప మడిలోకో.

సోమవారం ముత్వీరి కొట్టు మెట్లెక్కాను.
"చవకది కావాలా, మన్నేది కావాలా?"
"రెండూ."
"ఆ రెండూ ఒకే ఇంట్లో కాపురం చెయ్యవు, మామా న్యాబోకె"
అంటూనే కిందికి వంగి, అడుగు అరలోంచి
బూజు తుడిచి ఒకటి తీశాడు.

ఇత్తడిది. నా అరచెయ్యంత పొడుగు లేదు.
ట్రిగ్గరు లేదు, కాబట్టి స్ప్రింగు లేదు,
స్ప్రింగు లేదు గనక తెగేదీ లేదు.
మెడ కుడికి తిప్పితే సన్నని ధార,
ఎడమకి పూర్తిగా తిప్పితే
నోరు మూసుకుంటుంది.
అంతే దాని చదువు.

మరలో చూపుడువేలు పెట్టి తడిమాను.
గీతలు లోతుగా ఉన్నాయి, వేలికి గుచ్చుకోలేదు.
చేత్తో తూచాను. లోపల డొల్ల లేదు.
తర్వాత, ముత్వీరి చూస్తుండగానే,
సిమెంటు గచ్చు మీద వదిలేశాను.

"అయ్యో, ఏమిటా పని!"
"రోజుకి పదిసార్లు పడుతుంది నా దగ్గర.
పడేదేదో నేను కొనకముందే పడనీ."

అది ఖంగుమంది.
ప్లాస్టిక్ పడితే టప్‌మని ఏడుస్తుంది;
ఇది పిలిచినట్టు మోగింది,
పక్క కొట్టు కుర్రాడు తొంగిచూశాడు.
అంచున వెంట్రుకంత గీత. సొట్ట లేదు.

ఆరువందల యాభై అన్నాడు.
గీత చూపించి నాలుగువందలన్నాను.
"ఆ గీత పెట్టింది నువ్వే!"
చివరికి ఐదువందల ఇరవైకి తెగింది,
పైన మూడు రబ్బరు వాషర్లు ఊరికే.
వాటికోసమే ఎక్కువసేపు గొడవపడ్డాను.
ఇత్తడి నాకంటే ఎక్కువ రోజులు బతుకుతుంది,
రబ్బరు బతకదు.

మర్నాడు తెల్లారి ఐదింటికి మొదటి బండి.
పేరు సుబిరా, అంటే ఓపిక.
అద్దం మీద ఎర్రక్షరాలతో అంత ఓపిక రాసుకుని
డ్రైవరు కిమేలి ఆపకుండా హారన్ కొడుతున్నాడు.
మెడ కుడికి తిప్పాను.
చక్రాల గూటిలోంచి మట్టి పెళ్ళలు పెళ్ళలుగా రాలింది,
మధ్యలో ఎక్కడిదో ఒక మొక్కజొన్న కండె కూడా.
ఎడమకి తిప్పాను. నిశ్శబ్దం.
బరాసా పొడిబారిన బొటనవేలు చూసుకుంటూ
"ఇప్పుడు నాకేం పని?" అన్నాడు.
బకెట్టు చూపించాను.

సాయంత్రం దాన్ని విప్పి సంచిలో వేసుకుంటాను,
ఉల్లిపాయల పక్కన.
గోడ మీద వదిలితే తెల్లారేసరికి ఇత్తడి అంగళ్ళలో తేలుతుంది.

తొమ్మిదో రోజు మెడ దగ్గర ఒక్క చుక్క కనపడింది.
వాషర్ మార్చాను. ఆగింది.
ఇంకా రెండున్నాయి.
మేకు మీద ఎనిమిదోదానికి చోటుంది.
చూద్దాం.