గొళ్ళెం గుర్తు

వన్‌టౌన్‌లో మా పిండిమరకి పేరు లేదు.
"రెండు మెట్ల మిల్లు" అంటే చాలు, ఆటోవాడు ఆపేస్తాడు.
ఆదివారం ఎనిమిదింటికే వరస మొదలు:
స్టీలు క్యాన్లు, సంచులు, సిమెంటు బస్తాలో ఎవరివో రాగులు,
వాటి వెనక మనుషులు,
ఈసారి వాళ్ళ వెనక పార్టీ.

గొళ్ళెం గుర్తు పార్టీ. మా నాన్న నాటినుంచీ
గోడమీద అదే కేలండరు.
"ఉన్నదాన్ని ఉంచుదాం" అని నినాదం.
ఎప్పుడూ పైనుంచి కవరొచ్చేది, కవర్లో పేరొచ్చేది,
మేం జెండాకి కర్ర వెతుక్కునేవాళ్ళం.
ఈసారి మేయరు కుర్చీకి ఎవర్ని నిలబెట్టాలో
రసీదున్న ప్రతి సభ్యుడూ చీటీ వెయ్యాలట.
అడగడం అలవాటులేని పార్టీ అడిగేసరికి
ఎవరికీ గొంతు అదుపులో లేదు.

అసలే మర తిరుగుతుంటే అరవాల్సిందే.
మా దగ్గర ఎంత మర్యాదస్తుడైనా
తగువాడుతున్నట్టే ఉంటాడు.

"వడ్లమాని వారే!" అని అరిచారు పంతులుగారు, గోధుమలు పోస్తూ.
"పోర్టులో ముప్ఫయ్యేళ్ళు. ఒక్క కప్పు టీ ఊరికే తాగలేదు.
ఇంట్లో ఇప్పటికీ నేలమీదే భోజనం."
"నేలమీద తింటే మేయరైపోతాడేటి?
నానూ నేలమీదే తింతన్నాను, బల్ల నేక!"
అన్నాడు కళాసీ గౌరునాయుడు.
నవ్వులకి పిండి లేచింది.

కోరాడ ఢిల్లేశు పేరెత్తింది మందులషాపు కుర్రాడు.
"గెలిచేవాడు కావాలండీ. మంచివాళ్ళని మూడుసార్లు నిలబెట్టాం,
మూడుసార్లూ డిపాజిట్టుకి దండేశాం.
ఆయనకి డబ్బుంది, మనుషులున్నారు, మధురవాడ అవతల..."
"మధురవాడ అవతలుండే కొండేదిరా?"
అన్నారెవరో. "కొండని చదును చేసి అమ్ముకున్నోడు
ఉన్నదాన్ని ఏటుంచుతాడు?"
కుర్రాడు చిల్లర లెక్కపెట్టుకున్నాడు.

సూరాడ నూకరత్నం పేరు మాత్రం ఎవరూ అరవలేదు.
పక్కవాడి చెవిలో చెప్పుకున్నారు.
జాలరిపేట బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసింది.
పార్టీ ఆఫీసు మెట్లు ఇరవయ్యేళ్ళుగా ఎక్కుతూనే ఉంది,
వేదికమీద కుర్చీ ఎప్పుడూ చివరిదే.
"మంచి మనిషే గానీ..." అన్నారు పంతులుగారు.
ఆ 'గానీ' తర్వాత ఏముందో అందరికీ తెలుసు,
అందుకే ఎవరూ పూర్తి చెయ్యరు.

అప్పుడు కరెంటు పోయింది.
బెల్టు రెండు చుట్లు తిరిగి ఆగింది.
ఎవరి గొంతు వాళ్ళకే వినబడి
సిగ్గేసినట్టుంది.
హార్బరు వైపునుంచి ఓడ కూత.

మూల కూచున్న పైడమ్మ
మిరపకాయల మూట విప్పింది.
రెండ్రోజులు డాబామీద ఎండబెట్టిందట.
వాటిని పుణికి, అరచెయ్యి పైకెత్తింది: నల్లగా బొగ్గుపొడి.
"పోర్టుబాబు మంచోడే. ఆయనున్నప్పుడూ ఇదే పడింది.
ఉన్నదాన్ని ఉంచుదాం అంతన్నారు గదా,
దీన్ని కూడానా బాబూ?
ఆ నూకరత్నం ఒక్కర్తే మా డాబా ఎక్కి
ఏలుతో రాసి సూసింది."

పంతులుగారు తన గోధుమల్లో చెయ్యిపెట్టి, తీసి,
పంచెకి తుడుచుకున్నారు.
మరక నేను చూశాను. ఆయనా చూశారు.

నేను మరాడించేవాణ్ణి. నాకు తెలిసింది ఇంతే:
రాయి అరిగి నున్నబడితే పిండి రాదు, వేడి వస్తుంది.
ఆర్నెల్లకోసారి ఉలితో గంట్లు కొట్టించాలి.
ఇది మా నాన్న పెట్టిన రాయే.
కొట్టించకపోయుంటే ఎప్పుడో పారేసేవాళ్ళం.
ఈ మాట వాళ్ళతో చెబుదామనుకున్నాను.
కరెంటొచ్చేసింది.

మళ్ళీ అరుపులు. మళ్ళీ వడ్లమాని, మళ్ళీ ఢిల్లేశు.
నూకరత్నం పేరు ఒక్కసారి, కాస్త పైకే వినిపించింది,
ఎవరి గొంతో తెలీలేదు.

మా మిల్లులో మిరపకాయలు ఆఖర్న ఆడిస్తాం,
లేకపోతే అందరి పిండీ కారమైపోద్ది.
పైడమ్మ వంతొచ్చేసరికి ఒంటిగంట. వాదించినవాళ్ళంతా
డబ్బాలెత్తుకుని భోజనాలకి పోయారు.
"ఆ సీటీ నాకూ ఒకటియ్యి బాబూ" అంది.
"రసీదుండాలి పైడమ్మా."
"ఓహో" అంది. తుమ్మింది. నేనూ తుమ్మాను.

ఆ తర్వాత గల్లాపెట్టె మీద కాగితం పెట్టి ఒక పేరు రాశాను.
పిండి చెయ్యి కదా, వేలిముద్ర కూడా పడింది.
ఎవరి పేరని అడక్కండి.
ముందు వరసలో మీ డబ్బా ఎక్కడుందో చూసుకోండి.