పచ్చి గింజ

ఆ ఏడు కోతలప్పుడు వాన వదల్లేదు.
కొండల వెనకనుంచి వచ్చి
మొక్కజొన్న కంకుల మీద చతికిలబడింది.
మా ఆడపడుచు పేరు ముంబువా.
మా కాంబా మాటల్లో, వానలో పుట్టిన పిల్ల అని.
"నా పేరు మార్చండి, అప్పుడైనా తెరిపిస్తుందేమో"
అని నవ్వుతూనే కంకులు విరిచింది.

రెండేళ్ళ కరువు మీద వచ్చిన పంట.
చేలో వదిలితే దొంగలు.
గాదె కప్పు గడ్డి నిరుడే మేకలకు మేతైపోయింది.
అందుకని పచ్చిగానే విరిచి, పచ్చిగానే ఒలిచి
మంచం కింద మట్టినేల మీద పోసి
పైన గోనెపట్టాలు కప్పాం.
రాత్రిపూట చెయ్యి దూరిస్తే
లోపల వెచ్చగా ఉండేది,
పొదుగుతున్న కోడి కడుపులా.
నాకు భయం వెయ్యలేదు.
ఇన్నాళ్ళకి ఇంట్లో తిండి ఊపిరి పీలుస్తోంది అనుకుని
హాయిగా నిద్రపోయాను.

కొన్ని గింజల మొనమీద
పసుపులో ఆకు నూరినట్టు సన్నని పొడి.
సియోకావు అత్త చేటలో చెరిగి ఉఫ్ మని ఊదింది.
పోయింది.
నేను కడిగాను. దంచి పొట్టు తీశాను.
చిక్కుడు గింజలు కలిపి
మూడు గంటలు కుతకుత ఉడికించాను.
నిప్పు మీద మాకంత నమ్మకం.
నిప్పుకు లొంగని విషముంటుందని ఎవరు చెప్పారు?
చేదు లేదు, వాసన లేదు.
పిల్లలు గిన్నె అడుగు నాకారు.

ముందు కుక్క చచ్చింది.
"ఎన్నాళ్ళకో కడుపు నిండింది, తట్టుకోలేకపోయింది" అన్నాడు మా ఆయన ముసెంబి.
అందరం నవ్వాం.
ఆ నవ్వు మాట ఇప్పుడు మా ఇంట్లో ఎవరం ఎత్తం.

తర్వాత ముంబువా.
ఉగాలి ముద్ద నోటిదాకా వచ్చి వెనక్కి వెళ్ళేది.
పొట్ట ఉబ్బింది. కాళ్ళు పొంగాయి.
ఒక పొద్దున కళ్ళు తెరిస్తే
ఆ గింజల మీది రంగే.
కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారు.
అబద్ధం.
మేక తెల్లగానే ఉందంది,
నా లేసో గుడ్డ నీలమే అంది.
పచ్చగా కనపడింది ఆమే, మాకు.

ఖననమైన తొమ్మిదో రోజున
ఆరోగ్య శాఖ నుంచి మువాంగాంగి వచ్చాడు.
పిల్లాడి నోటుపుస్తకం వెనక అట్ట మీద
కాలేయం బొమ్మ గీశాడు.
చిలగడదుంపలా వచ్చింది.
"తిన్నదంతా ముందు దీని చేతికే వస్తుందమ్మా.
మంచీ చెడ్డా ఇదే కడగాలి.
ఈ బూజు విషాన్నీ కడగబోతుంది,
ఆ కడగడంలోనే దానికి కోరలు మొలుస్తాయి.
మొదటి కాటు దీనికే.
కొంచెం కొంచెంగా తిన్నవాళ్ళు బతుకుతారు.
ఎప్పుడో ఇరవై ఏళ్ళకు
మరిచిపోయిన అప్పులా గడ్డకట్టి అడుగుతుంది."
ముసెంబి తల గీరుకున్నాడు.
నాకు మాత్రం వెంటనే అర్థమైంది.
ఈ ఇంట్లో అంట్లు తోమేది నేనే.

బస్తాకి బస్తా ఇస్తామన్నారు.
లారీ దారిలో ఉందన్నారు.
దారి ఎంత పొడుగో చెప్పలేదు.
అందుకే నేనొక డబ్బాడు గింజలు
దుప్పట్ల వెనక దాచాను.
మువాంగాంగి అడిగినప్పుడు
కళ్ళలోకి చూసే "ఇంతే" అన్నాను.

బడి వెనక గొయ్యి తీసి
ఊరి పంటంతా పోసి కిరసనాయిలు చల్లారు.
మొదట నల్లటి పొగ.
కిరసనాయిలు కాలిపోయాక
వేయించిన మొక్కజొన్న వాసన.

ఎక్కడెక్కడి పిల్లలో పరిగెత్తుకొచ్చారు.
పేలాలు గొయ్యి దాటి ఎగిరిపడుతుంటే
మువాంగాంగి కర్రతో అదిలిస్తున్నాడు,
కసురుతున్నాడు, బతిమాలుతున్నాడు.
అతని కడుపు చప్పుడు నాకు వినపడింది.
ముంబువా కొడుకు ముటుకు, నాలుగేళ్ళవాడు,
నా లేసో పట్టుకుని
"ఒక్క గింజ" అన్నాడు.
"ఒక్కటేగా" అన్నాడు.

వాణ్ణి చంకనేసుకుని ఇంటికెళ్ళి
డబ్బా తెచ్చి
గోతిలో బోర్లించాను.

వాసన ఇంకాస్త కమ్మగా లేచింది.