ఎనక అట్ట మొదలు

కుడిసేతి పక్క నుంచి సదవాలంట ఈ పుస్తకం.
ఎనక అట్ట మొదలు, ముందు అట్ట ఆఖరు.
"నీ రగతం ఓ గొట్టంలోంచి ఎళ్ళి
ఇంకో గొట్టంలోంచి తిరిగొస్తాది గదత్తా, అలగే అనుకో"
అంటాది ఢిల్లీ.

పేరుకి ఢిల్లేస్వరి, పలాస దాటనేదు గుంట.
మా తమ్ముడి కూతురు, తొమ్మిదో తరగతి.
వారానికి మూడుమాట్లు
నా మంచం పక్కన స్టూలు మీద కూకుంటాది,
నాలుగు గంటలు.

పోయినేడు నీళ్ళు పరీచ్చ సేస్తామని
జీపేసుకొచ్చినారు పైదేసపోళ్ళు.
మా ఊరి బోరు నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళినారు.
సీసాలు మోసిందని ఓ సిన్నమ్మి
సంచిలోంచి తీసి ఇచ్చినాది దీన్ని.
ఇటికంత మందం, గులాబి రంగు కాయితం.
నీళ్ళ కబురు ఇంకా రానేదు.
పుస్తకం మటుకు మూడుసార్లయిపోనాది.

ఒక్కచ్చరం రాదు దానికి.
ఆ రాతలు సూస్తే
ఎవులో ముగ్గు సగమేసి
పిలిస్తే లెగిసెళ్ళిపోనట్టుంటాయి.
అయినా సదువుతాది.
బుడగలన్నిట్లోనూ మన మాటలే పోస్తాది.

ఆకాసంలో ఓ ఓడంట.
భూమి పాతబడిపోనాక కట్టినారంట.
అందులో గాజు పెట్టిలో ఓ గుంట తొంగుంది.
దాని జుత్తు గీత దాటి పక్క గడిలోకి,
కింద గడిలోకి, కాయితం అంచు దాకా
వంసధార పొంగినట్టు ఎళ్ళిపోతాది.
"గడి కడితే ఆగుతాదేటత్తా?"

దానికీ ఒంటినిండా గొట్టాలే.
పక్కన ఓ ఇనప కుర్రోడు కూకుని లెక్కెడుతుంటాడు.
నూరేళ్ళకోసారి లెగుస్తాదంట.
లెగిసి ఏటంటాదే? అనడిగినాను.
"అన్నం తిన్నావేటి? అంటాది."
ఇనప్పోడేటంటాడు?
"ఏటంటాడు, ఆడికి నోరు గీయనేదు."

కళ్ళు మటుకు, ఓలమ్మీ!
జీడితోట కాపలా పడుకున్న రేత్రి
నెత్తిమీద ఎన్ని సుక్కలుంటాయో
అన్నీ ఒక్క కంట్లో.
అంతలేసి కళ్ళెందుకే?
"రాబోయే కాలం సూడాలి గదా. మనవి సాలవు."

ఆ ఇనప్పోడు సెయ్యి గాజు మీద పెట్టగానే
సుట్టూ పువ్వులు.
గాలి నేని సోట పువ్వులెలగ పూస్తాయే?
"అవి బయటివి కావత్తా, దాని లోపలివి."
నానేటీ అననేదు.
కాసీబుగ్గ బస్టాండులో ఓపాలి
నా సుట్టూ పూసినాయి.
ఎవులికీ సెప్పనేదు.

ఒక పేజీ ఉన్నాది. బుడగ నేదు, ఓడ నేదు,
మూసిన కన్ను ఒక్కటి, మిగతాదంతా తెలుపు.
అక్కడికొస్తే ఇదీ నోరెత్తదు.
మిసను గురక ఒక్కటే ఇనబడతాది.
మూడో మంచం కాళీ అయిన నాడు
ఆ పేజీ తిప్పడానికి సానాసేపట్టినాది.

బియ్యం బండి కాడ మిసను నన్నొప్పుకోదు.
జీడిపిక్కలు కొట్టి కొట్టి ఏలిగీతలరిగిపోనాయి.
నువ్వు నువ్వు కాదంటాది, ఎర్రలైటేసి.
ఈ మిసను మటుకు నన్నెరుగును.
అందుకే ఆ ఇనప్పోడి మీద నాకు కోపం నేదు.

కత ఆఖరి పేజీలో ఆగిపోనాది, ఓడ తిరుగుతుండగా.
మిగిలిన కత ఏ దేసంలో ఉన్నాదో.
ఢిల్లీ ఊరుకుంటాదేటి,
లెక్కల నోటుపుస్తకం ఎనక నుంచి మొదలెట్టి
నీలం పెన్నుతో గీస్తన్నాది.
బారువ ఒడ్డున దిగినాది ఓడ.
వలలు ఆరేసుకున్నోళ్ళు తలకాయలెత్తి సూస్తన్నారు.
గాజు పెట్టిలో ఈసారి నాను.

సేతులు నల్లగా సరిగ్గా గీసినాది.
ఏలి కొసలు మటుకు
ముక్కు కాయితానికానించి
ఒక్కో గీత, ఒక్కో సుడి, తిరిగి పెట్టింది.

కళ్ళు సిన్నవి గీయవే, నవ్వుతారు, అన్నాను.
ఇననేదు.