చేయవచ్చు

రాత్రి తొమ్మిదిన్నర.
ఇక్కడ జులై సూర్యుడు
పడుకోమంటే పడుకోని పిల్లాడు.
ఉత్తర కరేలియా అడవిలో
లెంపి నడుం వంచి
పొదల తల దువ్వుతోంది.
చేతిలో ఎర్ర గరిటె, దానికి దువ్వెన పళ్లు.
ఒక్క దువ్వుకి గుప్పెడు ముస్తిక్కలు,
నాలుగు ఆకులు, ఒక సాలీడు.

ముస్తిక్క అంటే
చలిదేశంలో పుట్టిన నేరేడు చెల్లెలు అనుకోండి.
బఠాణీ గింజంత.
తిన్నాక నాలుక
అబద్ధం చెప్పలేదు.

కొంచెం ఎడంగా, బకెట్ బోర్లించుకుని కూర్చుని
దోమల్ని తిడుతున్నవాడు ఓయివా, ఆమె మొగుడు.
వాళ్ల నాన్న నలభై తొమ్మిదికే పోయాడు,
రంపం ఇంకా దుంగ సగంలో ఉండగా.
అన్న ఆర్వో నలభై ఆరుకి, ఆవుల కొట్టంలో,
పాల బిందె ఒలక్కుండా దించి మరీ.
ఆ రోజుల్లో ఈ ఊళ్లలో
రొట్టె మీద వెన్న ఎంత మందమంటే
కొరికితే పళ్ల గుర్తులు పడాలి.
మగాడి గుండెకి యాభై దాటడం
పరువు తక్కువ అన్నట్టుండేది.

ఓయివాకీ వచ్చింది, యాభై ఒకటిలో,
వాకిట్లో మంచు ఎత్తిపోస్తుంటే, ఎడమ భుజంలోంచి.
వచ్చింది వచ్చినట్టే వెనక్కి పోయింది.
రక్తనాళంలో చిన్న తీగచుట్ట ఒకటి
అప్పట్నుంచీ కాపలా.

డాక్టరమ్మ వెన్లా అంది:
"ఆ నీలంలో ఏదో ఉంది.
నాళాలకు పట్టే తుప్పుని తగ్గించవచ్చు.
రక్తపోటు కాస్త దించవచ్చు.
గుండెకి మేలు చేయవచ్చు.
మాత్రలు మాత్రం మానొద్దు."

లెంపి వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుంది, మూడు.

ఆ మాట వాళ్ల భాషలో ఎలా ఉంటుందో
నాకు రాదు.
నా తెలుగులో మాత్రం, వచ్చు.
ఖాయం కాదు, వట్టిదీ కాదు.
తలుపు పూర్తిగా పడకుండా
చెప్పు అడ్డం పెట్టినట్టు.
విడిగా పలికి చూడండి,
ఎవరో దారిలో ఉన్నట్టే వినిపిస్తుంది.

ఓయివా నమ్మడు.
"పండు కాదే!
నన్ను ఈ గుట్టలెక్కించి దించుతున్నావే, అదీ.
వెన్న డబ్బా దాచేశావే, అదీ.
సిగరెట్లన్నీ సౌనా పొయ్యిలో పడేశావే, అదీ!"
"కావచ్చు," అంది లెంపి
తలెత్తకుండా.

నాలుగు.

ఇంట్లో ఫ్రీజర్ అడుగున
నిరుటివి ఇంకా రెండు డబ్బాలున్నాయి.
జనవరిలో, తొమ్మిదైనా తెల్లారని పొద్దున్న,
ఓట్ల జావలో గుప్పెడు వేస్తుంది.
తెల్లటి జావ ఒక అంచు నుంచి
మెల్లగా ఊదారంగు తిరుగుతుంది.
ఆయన గొణుగుతూనే తింటాడు, గిన్నె అడుగు దాకా.
ఆమె ఎదురుగా కూర్చుని
కాఫీ చల్లారిపోతున్నా చూడకుండా
ఆయన చొక్కా జేబు
పైకీ కిందికీ కదలడం చూస్తుంటుంది.

ఇప్పుడు మాత్రం నడుం పట్టుకుని లేచింది.
"లే, ముసలోడా.
ఆ బండరాయి వెనక
ఇంకా బోలెడున్నాయి."