రెండు వైపులా

బ్రేకు తొక్కితే వెలుగుతుంది, కాలు తీస్తే ఆరిపోతుంది
డ్యాష్‌బోర్డు మూల కందిగింజంత నారింజ దీపం.
మూడు వారాలుగా ఇదే తంతు.
అర్వీద్స్‌యౌర్ దాటాక పదకొండు ఇళ్ళు నా వంతు:
మాత్రలు, కట్లు, చక్కెర పరీక్ష,
నాకంటే నాలుగేళ్ళే చిన్నదైన ఈ వోల్వో.

ఏడో ఇల్లు ఎవర్ట్ స్యోలుండ్‌ది.
ముప్పై ఒక్క ఏళ్ళు బళ్ళు తనిఖీ చేసిన మనిషి,
ఇప్పుడు కిటికీ పక్కన మంచం.
నేను బండి వెనక్కి తెచ్చి ఆపి
బూట్ల మంచు దులుపుకునేలోపే లోపల్నుంచి గొంతు:
"ఎడమది పోయింది, టీరా."

మార్చాను. పెట్రోలు బంకులో దొరికిన చవక బల్బు.
వెలిగింది. నారింజ దీపమూ వెలిగింది.
"ఫ్యూజు?"
చూశాను.
"హోల్డరు?"
గోరుతో గీకితే పచ్చటి చిలుము రాలింది.
"పెన్సిలు చెరిపే రబ్బరుతో రుద్దు.
గరుకు కాగితం పెట్టావో, రాగిరేకు ఉల్లిపొర, లేచొస్తుంది."
రుద్దాను. మైనస్ పదహారు. వేళ్ళు నావి కావు.
ఎర్త్ వైరు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాను.
దీపం మొండికేసింది.

అప్పుడు చెప్పాడు, గంజి చెంచా పక్కకి నెట్టి:
"దానికి వెలుగంటే ఏంటో తెలీదమ్మాయ్.
లోపల చిన్న డబ్బా, రెండు తీగచుట్టలు.
ఎడమకి ఎంత కరెంటు పోయింది, కుడికి ఎంత,
అంతే దాని చదువు.
పాతదొకటి కొత్తదొకటి పెడితే తగువు తెగదు.
కవలలకి చొక్కాలు కొన్నట్టు కొను.
ఒకే కంపెనీ, ఒకే రోజు."

నవ్వొచ్చింది. నా పనీ అదే కదా.
రెండేళ్ళ కిందట అతని ఎడమ పక్క పడిపోయినప్పటినుంచి
రోజూ నా చూపుడువేళ్ళు రెండూ అతని పిడికిళ్ళలో పెట్టి
నొక్కమంటాను.
కుడి ఇంత, ఎడమ ఇంత. తేడా రాసుకుంటాను.
నవ్వండి అంటాను, పెదవి ఏ పక్క జారుతుందో చూడ్డానికి.
"ఊరికే నవ్వడానికి నేనేమైనా పిచ్చోణ్ణా?" అంటాడు.

జత మార్చాక దీపం నోరు మూసుకుంది.
ఫిబ్రవరి అంతా హాయిగా తిరిగాను.

ఒక సాయంత్రం, బూట్లు విప్పుతుంటే:
"రెండూ లేవు."
దీపం వెలగలేదే!
"ఎందుకు వెలుగుతుంది? ఇటు సున్నా, అటు సున్నా.
దాని లెక్కకి అంతా సవ్యమే."
పెడలు మీది స్విచ్చు, యాభై క్రోనర్ల ముక్క.
కలప లారీలు తిరిగే దారిలో, చీకట్లో,
నలభై కిలోమీటర్లు
వెనక వాళ్ళకి మాట చెప్పకుండా ఆగుతూ వచ్చానన్నమాట.
ఆ రాత్రి వీపు చల్లబడి నిద్ర పట్టలేదు.

మార్చి తొమ్మిది.
వేళ్ళు ఇచ్చాను. నొక్కాడు.
కుడి, ఎడమ, సమానం.
కాగితం మీద 'సమానం' అని రాశాను కూడా,
సంతోషంగా, కింద గీత గీసి.
సంతకం సగంలో కలం ఆగింది.

"మళ్ళీ నొక్కండి."
సమానమే.
ఎడమ పైకి రాలేదు.
కుడి కిందికి దిగింది.

ఫోను చేశాను. దుప్పటి సర్దాను. మాట అడిగితే
కళ్ళతో కిటికీ చూపించాడు.

అంబులెన్సు లోపలికి రావాలంటే నా బండి తియ్యాలి.
పరుగున వెళ్ళి ముందుకి పోనిచ్చి, రోడ్డు పక్కన
బ్రేకు తొక్కాను.
అద్దంలో వెనకాల అతని కిటికీ,
కిటికీ గాజు మీద రెండు ఎర్రచుక్కలు,
ఒకదానికొకటి తీసిపోకుండా.

ఆపాల్సిన పనిలేదు, బండి ఆగే ఉంది.
అయినా కాలు తియ్యలేదు,
సైరను వినిపించేదాకా.